పేజ్‌మేకర్ ఫైల్లో ఉండిపోయిన తెలుగు పుస్తకాన్ని యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం ఎలా?

పుస్తకాలు అచ్చువేసుకున్న ప్రతి తెలుగు రచయిత ఇంట్లోనూ ఒక సీడీ ఉంటుంది. మీద స్కెచ్ పెన్నుతో "ఫైనల్" అని రాసి ఉంటుంది. లోపల పేజ్‌మేకర్ ఫైళ్లు, అంటే పుస్తకం పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్లో చేసినవి. వాటిని ఇవాళ్టి కంప్యూటర్లో తెరిస్తే, తెరుచుకుంటే అదృష్టం, కనిపించేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, శాతం గుర్తులు, డాలర్లు కలిసిన చిందరవందర. ఫైలు పాడైపోయిందని చాలామంది ఆశ వదిలేసుకుంటారు. పాడవలేదు. దాన్ని చదివించే ఫాంటు దగ్గర లేదంతే.

మా ఇంట్లో ఒక కథల సంపుటి ఇలాగే ఇరుక్కుపోతే బయటకు లాగాను. ఆ తర్వాత తెలిసినవాళ్లవి మరికొన్ని. మొదటిసారి మూడు నెలలు పట్టిన పని ఇప్పుడు వారం రోజుల సాయంత్రాల్లో అయిపోతోంది. నేను చురుకైపోయానని కాదు, ఏ పని ముందు ఏ పని తర్వాత చెయ్యాలో తెలిసింది. ఇక్కడ రాస్తున్నది ఆ వరసే.

## అసలు చిక్కు ఎక్కడుంది?

పాత డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చుకు పేజీలు కూర్చే పని) ఫాంట్లు, అంటే అను, శ్రీలిపి, సీడాక్ వాళ్ల ఫాంట్ల వంటివి, ఒక్కో ఫాంటులో ఆకారాలు పెట్టుకోవడానికి గరిష్ఠంగా 256 గడులే ఉన్న రోజుల్లో పుట్టాయి. తెలుగు గుణింతాలూ ఒత్తులూ అన్నీ విడివిడిగా పెట్టాలంటే ఆ గడులు ఏ మూలకూ చాలవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట తెలుగు ముక్కను కూర్చోబెట్టారు. ఏ ముక్క ఏ గడిలో ఉండాలన్నది ఎవరిష్టం వాళ్లది కాబట్టి ఒక కంపెనీ ఫాంటులో రాసింది ఇంకో కంపెనీ ఫాంటులో చదవలేం. ఒకే కంపెనీ ఫాంటు వెర్షన్ మారినా గడులు మారవచ్చు.

1991లో వచ్చిన యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివేలా ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ఉమ్మడి పద్ధతి, తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అందులో ఉండేది అక్షరం, దాని ఆకారపు ముక్క కాదు. ముక్కలు అతకడం ఫాంటు పని. ఇంతవరకూ చూస్తే ఈ గడికి ఈ అక్షరం అని ఒక పట్టిక రాసుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. వరస కూడా వేరు.

"చుక్కి" అనే మాట తీసుకోండి. పాత ఫాంటులో కంటికి కనబడే వరస ఉంటుంది: ముందు గుడితో "కి", ఆ తర్వాత కింద క ఒత్తు. యూనికోడ్‌లో పలికే వరస: క, పొల్లు, క, చివరికి గుడి. క్రారవడి (ర ఒత్తు) సంగతి మరీ చిత్రం. అది అక్షరానికి ఎడమవైపు నుంచి చుట్టుకుంటుంది కాబట్టి కొన్ని ఫాంట్లలో అక్షరానికి ముందే వచ్చి కూర్చుంటుంది. అంటే కన్వర్టర్ (పాత ఫాంటు పాఠాన్ని యూనికోడ్‌కు మార్చే సాధనం) ముక్కల్ని గుర్తుపట్టడంతో ఆగకుండా వాటిని ఎత్తి వేరే చోట పెట్టాలి. మీకు ఎదురయ్యే తప్పుల్లో సగం ఈ ఎత్తిపెట్టడంలో జరిగినవే.

## మొదటి మెట్టు: ఏది అసలు ఫైలో తేల్చుకోండి

సీడీలో "ఫైనల్", "ఫైనల్2", "ఫైనల్ కరెక్షన్స్" అని మూడు ఫోల్డర్లుంటాయి. తేదీలు చూసి కొత్తది తీసుకోండి, కానీ దాన్నీ పూర్తిగా నమ్మకండి. ఆ రోజుల్లో ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీశాక తప్పు కనబడితే పేజీ మళ్లీ తీసేవాళ్లు కాదు. ఆ ఒక్క మాటో లైనో వేరే ముక్క మీద ప్రింటు తీసి, కత్తిరించి, అతికించేవాళ్లు. ఆ దిద్దుబాటు అచ్చయిన పుస్తకంలో ఉంటుంది, ఫైల్లో ఉండదు. కాబట్టి అచ్చు ప్రతి ఒకటి పక్కన పెట్టుకోకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

సీడీలోది మొత్తం హార్డ్ డిస్కులోకి కాపీ చేసి ఆ ఫోల్డర్‌ను ముట్టుకోకుండా వదిలెయ్యండి. పని చెయ్యడానికి ఇంకో కాపీ. పుస్తకం మీది కాకపోతే హక్కుదారుల అనుమతి కూడా ఇప్పుడే తీసుకోండి. మన చట్టంలో కాపీహక్కు రచయిత పోయాక 60 ఏళ్లదాకా వారసులకుంటుంది.

## రెండో మెట్టు: తెరవడం, ఫాంటు పేరు పట్టుకోవడం

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, 2001లో వచ్చింది. అది ఇంకా నడుస్తున్న పాత కంప్యూటర్ మీ ఊరి డీటీపీ సెంటర్లో ఉండే అవకాశం ఉంది. పెళ్లి కార్డుల పుణ్యమా అని ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా బతికే ఉంది. అక్కడికి వెళ్లి ఓ గంట కూర్చోవడం అన్నిటికంటే తేలిక దారి. అది కుదరకపోతే ఇన్‌డిజైన్ సీఎస్6 లేదా అంతకు ముందు వెర్షన్లు పేజ్‌మేకర్ 6.0 నుంచి 7.0 దాకా ఫైళ్లను తెరుస్తాయి. ఆ తర్వాత వచ్చినవి తెరవవు. డబ్బు పెట్టనక్కర్లేని దారి లిబ్రే ఆఫీస్ డ్రా. పేజీ అందం చెదిరిపోతుంది గానీ మనకు కావలసింది అక్షరాలే కదా.

ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిచేటప్పుడు పేజ్‌మేకర్ ఫలానా ఫాంటు లేదు, బదులుగా ఇది వాడనా అని ఒక పెట్టె చూపిస్తుంది. విసుగ్గా ఓకే నొక్కేస్తాం. నొక్కకండి, ఫోన్‌తో ఫోటో తియ్యండి. ఏ కంపెనీ ఫాంటో, అందులో ఎన్ని రకాలు వాడారో చెప్పే చీటీ అదే.

## మూడో మెట్టు: పాఠాన్ని బయటకు తీయడం

ఈ మెట్టు మీద తొందరపడితే తర్వాత వారం రోజులు ఏడవాలి.

పేజ్‌మేకర్లో పాఠం ఉన్న పెట్టెలో కర్సర్ పెట్టి, కంట్రోల్-ఎ నొక్కి, ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ ద్వారా ఆర్‌టీఎఫ్‌గా దాచండి (సేవ్ చెయ్యండి). మామూలు టెక్స్ట్‌గా వద్దు. ఆర్‌టీఎఫ్‌లో ఏ మాట ఏ ఫాంటులో ఉందో సమాచారం నిలిచి ఉంటుంది. పుస్తకంలో మధ్యమధ్య ఇంగ్లీషు మాటలుంటాయి, వేరే ఫాంటులో. మామూలు టెక్స్ట్‌లో ఇంగ్లీషుకూ తెలుగు ముక్కలకూ తేడా తెలియదు, కన్వర్టర్ ఇంగ్లీషును కూడా తెలుగు ముక్కలే అనుకుని మార్చి పడేస్తుంది. ఒక పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న "బి.ఏ. డిగ్రీ" కాస్తా ఏ భాషా కాని రెండు ఒత్తులూ ఒక పొల్లూ అయి కూర్చుంది.

ఒకదానికొకటి కలిసి ఉన్న పెట్టెలే ఒకేసారి వస్తాయి. శీర్షికలు, ఫోటోల కింద రాతలు, ఫుట్‌నోట్లు విడి పెట్టెలు. వాటిని ఒక్కొక్కటీ తియ్యాలి. అధ్యాయం మొదట్లో పెద్దక్షరం పెట్టే అలవాటు ఉంటే అది కూడా తరచుగా వేరే పెట్టెలోనే ఉంటుంది. మీ పాఠంలో ప్రతి కథా "నగనగా" అని మొదలవుతుంటే ఆశ్చర్యపోకండి, "అ" ఇంకో పెట్టెలో ఉంది.

ఈ ఆర్‌టీఎఫ్‌ను వర్డ్‌లో తెరిచే ముందు ఆటోకరెక్ట్ మొత్తం ఆపెయ్యండి. వాక్యం మొదట్లో చిన్న అక్షరాన్ని పెద్ద అక్షరంగా మార్చడం వర్డ్‌కు సరదా. పాత ఫాంటులో చిన్న అక్షరం గడి వేరు, పెద్ద అక్షరం గడి వేరు, రెండింట్లో రెండు వేర్వేరు తెలుగు ముక్కలు. నిటారు కొటేషన్‌ను వంపు కొటేషన్‌గా మార్చినా అంతే, ఆ రెండు గడుల్లోనూ ఏదో ముక్క ఉండి ఉంటుంది. ఈ దశలో వెతికి మార్చడమూ వద్దు, తప్పదంటే పెద్ద-చిన్న అక్షరాల తేడా చూడమని టిక్కు పెట్టి చెయ్యండి. ఆన్‌లైన్ కన్వర్టర్ పెట్టెలో అతికించేటప్పుడు ఇంకో ప్రమాదం. 160వ గడిని కంప్యూటర్లు విడదీయని ఖాళీగానూ, 173వ గడిని కనబడని హైఫన్‌గానూ చూస్తాయి. మీ ఫాంటు వాటిల్లో ముక్కల్ని పెట్టి ఉంటే అవి దారిలోనే మాయమవుతాయి. ఒకే అక్షరం పుస్తకమంతా కనబడకుండా పోయిందంటే ముందు దీన్నే అనుమానించండి.

## నాలుగో మెట్టు: కన్వర్టర్‌కు పరీక్ష

అను, శ్రీలిపి నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత పేజీలు ఆన్‌లైన్‌లో చాలానే ఉన్నాయి. ఏది మంచిదని నన్నడగొద్దు, మీ ఫైలుకు ఏది సరిపోతుందో అదే మంచిది. పుస్తకం మొత్తం ఒకేసారి పోసెయ్యకుండా, అచ్చు ప్రతిలో కష్టమైన మాటలున్న రెండు మూడు పేరాలు ఎంచుకుని రెండు మూడు కన్వర్టర్లకు ఇచ్చి చూడండి. నేను వెతికే మాటలివి:

శ్రీకృష్ణుడు, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి: ఒత్తు మీద ఒత్తు ఎలా పేరుస్తుందో తెలుస్తుంది.
వాఙ్మయం, జ్ఞానం, ఝరి, ఋషి: అరుదైన గడులు పట్టికలో ఉన్నాయా లేదా.
మొదలు, యోగం, వైద్యం: రెండు ముక్కలు కలిసి ఒకే గుణింతమయ్యే చోట్లు.
రాజ్‌కుమార్, సాఫ్ట్‌వేర్: పొల్లు పొల్లుగా నిలబడుతుందా.

చివరిది కాస్త విడమరచాలి. యూనికోడ్‌లో జ, పొల్లు, క వరసగా వస్తే అవి కలిసిపోయి జకు క ఒత్తు అవుతుంది: "రాజ్కుమార్". కలవకుండా ఆపాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు ఉండాలి. పాత ఫాంటులో "జ్" పొల్లుతో ఉన్న ముక్క, ఆ పక్కన నిండు "కు". కలవకూడదన్న సంగతి పాత పాఠానికి తెలుసు. మంచి కన్వర్టర్ ఆ సంగతి గమనించి గుర్తు పెడుతుంది, చెడ్డది పెట్టదు. పెట్టకుండా మార్చేశాక ఏది కలవాలో ఏది కలవకూడదో యంత్రం ఎన్నటికీ తేల్చలేదు, మీరు మాట మాటా చూసుకోవాలి. రెండు కన్వర్టర్లలో ఒకటి ఎంచుకోవలసి వస్తే ఈ ఒక్క పరీక్ష మీదే తేల్చెయ్యండి.

ఎంచుకున్నాక తెలుగు ఫాంటులో ఉన్న భాగాల్ని మాత్రమే మార్చి, ఇంగ్లీషు మాటల్ని వాటి చోట్లలో అలాగే ఉంచండి. వచ్చిన ఫలితాన్ని ఏమీ దిద్దకుండా ఒక ఫైలుగా దాచండి.

## ఐదో మెట్టు: తప్పుల్ని గుంపుగా పట్టడం

ఇక్కడ అందరూ చేసే పొరపాటు మొదటి పేజీ నుంచి చదువుతూ దిద్దడం. అలా వద్దు. కన్వర్టర్ తప్పులు మనుషుల తప్పుల్లా ఉండవు, ఒకచోట చేసినదే ఐదు వందల చోట్ల చేస్తుంది. ముందు గుంపుల్ని తీసేస్తే చదవాల్సినప్పుడు కళ్లకు శ్రమ తగ్గుతుంది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనో లిబ్రే ఆఫీస్ రైటర్‌లోనో వెతికే పెట్టె తెరిచి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (మాట బదులు నమూనా ఇచ్చి వెతకడం) అన్న చోట టిక్కు పెట్టండి. కింది నాలుగు వరసలూ ఒక్కొక్కటిగా వెతకండి. తెలుగు రాతలో ఇవి రావు, వచ్చాయంటే తప్పే.

[ా-ౌ][ా-ౌ]
రెండు గుణింతపు గుర్తులు పక్కపక్కన. ఒకే గుడి రెండుసార్లు పడితే ఒకదాని మీద ఒకటి కూర్చుని కంటికి ఒకటే కనబడవచ్చు. వెతికితే తప్ప దొరకదు.

[ా-ౌ]్
గుణింతం తర్వాత పొల్లు. "కి" అయ్యాక ఒత్తు వచ్చి చేరిందన్నమాట, ముక్కను ఎత్తిపెట్టడం మరిచిపోయిన చోటు.

్[ా-ౌ]
పొల్లు తర్వాత గుణింతం. పైదానికి తమ్ముడు.

[అ-ఔ][ా-్]
అ, ఆ లాంటి అచ్చులకు గుణింతమో పొల్లో తగిలించిన చోటు.

మొదటి వరసలో ఎక్కువగా దొరికేది "మెుదలు". కంటికి "మొదలు" లాగే ఉంటుంది, ఎందుకంటే మొ రాసేది నిజంగానే మె పక్కన కొమ్ముతో. యూనికోడ్‌లో మాత్రం "ొ" ఒకే గుర్తు. ఎవరైనా "మొదలు" అని వెతికితే "మెుదలు" దొరకదు. యొ, ఘొ, ఝొలదీ ఇదే తంతు. "ెు" ఉన్నచోటల్లా "ొ" పెట్టి ఒక్క దెబ్బతో మార్చెయ్యవచ్చు.

తర్వాత సున్న. తెలుగు అంకె ౦, పూర్ణానుస్వారం ం చూడటానికి కవలలు. అంకెను అక్షరానికి తగిలిస్తే మాట చదవడానికి బాగానే ఉంటుంది, వెతుకులాటకూ నిఘంటువుకూ పనికిరాదు. ([అ-్])౦ అని వెతికి $1ం అని మార్చండి. ఇలాగే విసర్గ స్థానంలో కోలన్ ఉందేమో చూడండి: "దుఃఖం" అని వెతికితే పుస్తకంలో ఒక్కటీ రాకపోతే, కథల్లో దుఃఖం లేదని కాదు.

వు, మ జోలికి మాత్రం గుంపుగా వెళ్లకండి. మ అన్నది వ కు కొమ్ము తగిలించినట్టే ఉంటుంది కాబట్టి కొన్ని కన్వర్టర్లు "మంచి"ని "వుంచి" చేస్తాయి. కానీ "ఉంచి" అనే మాటను "వుంచి" అని రాసే రచయితలు బోలెడంత మంది. మొత్తం మార్చేస్తే రచయిత వాడుకను చెడగొట్టినవాళ్లవుతారు. ఒక్కోదాని దగ్గరా ఆగి వాక్యం చూసి నిర్ణయించండి. వలపలగిలక, అంటే అక్షరం తర్వాత తొమ్మిది అంకెలా కనబడే ర పొల్లు గుర్తు, కూడా ఇలాంటిదే. పాత పద్ధతిలో "పూవ౯ం" అన్నట్టు రాసినవి ఉంటే, గిలక బదులు తొమ్మిది అంకె పెట్టి సరిపెట్టకుండా "పూర్వం" అని రాసుకోవడమే మేలని నా ఉద్దేశం. పాత ముద్రణ రూపం చూడాలనుకునేవాళ్లకు స్కాన్ ఉండనే ఉంటుంది.

కంటికి తేడా లేని ఇంకో జత ఉంది. ఐత్వాన్ని "ై" అని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వమూ కింది పొడిగింపూ రెండు గుర్తులుగానూ రాయవచ్చు. యూనికోడ్ లెక్కలో రెండూ సమానమే అయినా అన్ని సాఫ్ట్‌వేర్లూ సమానంగా చూడవు. ఎన్‌ఎఫ్‌సీ అనే నార్మలైజేషన్ ఒకసారి నడిపితే అన్నీ ఒకే రూపంలోకి వస్తాయి.

చివరగా ఖాళీలు. లైను చివర విరిచిన హైఫన్లు, రెండేసి స్పేసులు, పేరా మధ్యలో కొట్టిన ఎంటర్లు. ఇవి తీసేశాక మాత్రమే అచ్చు ప్రతి పట్టుకోండి. ఒకరు అచ్చు ప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు తెర మీద చూడటం నాకు తెలిసినంతలో అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. మా అమ్మ చదివింది, నేను చూశాను. ట్రేసింగ్ మీద అతికించిన దిద్దుబాట్లు పదకొండు దొరికాయి.

## ఫైలు లేదు, పీడీఎఫ్ మాత్రమే ఉంటే

ముందు ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. పాత ఇంగ్లీషు చిందరవందర వచ్చిందా? సంతోషించండి, చాలాసార్లు అది ఫాంటు గడుల వరసే కాబట్టి నాలుగో మెట్టు నుంచి మామూలుగా సాగిపోవచ్చు. విచిత్రమేమిటంటే యూనికోడ్ ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లే ఎక్కువ ఏడిపిస్తాయి. పీడీఎఫ్‌లో ఉండేది ఫాంటు గీసిన ఆకారాల చిట్టా, దాన్నుంచి అక్షరాల్ని తిరిగి తెచ్చే పట్టిక తెలుగు దగ్గర తరచు అసంపూర్తిగా ఉంటుంది. ఒత్తులు ఎగిరిపోయి గుణింతాలు చెల్లాచెదురైన పాఠం వస్తే దాన్ని దిద్దుతూ కూర్చోకండి, ఓసీఆర్‌కు (పేజీ బొమ్మను చూసి అక్షరాల్ని గుర్తుపట్టే పద్ధతికి) వెళ్లండి.

అచ్చు పుస్తకమే ఉన్నా దారి ఇదే. 300 డీపీఐలో, గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి టెస్సెరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి, లేదా గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి. రెండూ తెలుగు చదువుతాయి. ఓసీఆర్ తప్పులు గుంపులుగా రావు, ద-ధ, ప-ష లాంటి పోలికల దగ్గర ఒక్కోచోట ఒక్కోలా తడబడతాయి. ఇక్కడ చదవడం తప్ప వేరే మందు లేదు.

## బొమ్మలు

ముఖచిత్రం, ఫోటోలు సాధారణంగా టిఫ్ ఫైళ్లు, రంగులు అచ్చు కోసం సీఎంవైకే అనే సిరా రంగుల పద్ధతిలో ఉంటాయి. వాటిని తెరలకు వాడే ఎస్‌ఆర్‌జీబీ పద్ధతికి మార్చి జేపెగ్‌గా దాచండి, లేకపోతే కొన్ని తెరల మీద రంగులు వెలవెలబోతాయి, లేదా మరీ గాఢంగా వస్తాయి. గీతలతో వేసిన నలుపు-తెలుపు బొమ్మలకు జేపెగ్ వద్దు, గీత అంచుల్లో మసక పేరుకుంటుంది. వాటికి పీఎన్‌జీ.

## దాచడం, పుస్తకంగా కట్టడం

పాఠాన్ని ఎప్పుడూ యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ అక్షరాలన్నీ పట్టే ఫైలు పద్ధతిలో, దాచండి. పాత విండోస్ నోట్‌ప్యాడ్ అలవాటుగా ఆన్సీ (తెలుగు పట్టని పాత పద్ధతి) అని అడుగుతుంది. ఒప్పుకున్నారంటే తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది. ఆ ప్రశ్నార్థకాల నుంచి వెనక్కి రాలేం, అక్షరాలు నిజంగానే పోయాయి.

దానికీ ఇంకో దృశ్యానికీ తేడా తెలుసుకోవాలి. పదసూచికను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టికగా) దాచి ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు అక్షరం, పక్కన ° గానీ ± గానీ, మళ్లీ అదే వరస బారుగా కనబడుతుంది. అది చూసి గుండె ఆగినంత పనవుతుంది గానీ ఏమీ పోలేదు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు పడమటి అక్షరాలుగా చదువుతోంది. దాచకుండా మూసేసి, డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేస్తూ యూటీఎఫ్-8 అని చెప్పండి. లేదా ఫైలును బామ్‌తో (ఇది యూటీఎఫ్-8 అని ఫైలు మొదట్లో చెప్పే గుర్తుతో) ఉన్న యూటీఎఫ్-8గా మళ్లీ దాచండి.

ఈపబ్ (ఈ-పుస్తకం ఫైలు) చెయ్యడానికి లిబ్రే ఆఫీస్‌లో కథల పేర్లన్నిటికీ హెడింగ్ స్టైల్ పెట్టి, ఆ ఫైలును కాలిబర్ అనే ఈ-పుస్తకాల సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి. విషయసూచిక అదే కడుతుంది. తెలుగు ఫాంటును పుస్తకంలోనే పొదగండి. నోటో సెరిఫ్ తెలుగు, మల్లన్న, రామభద్ర వంటివి పొదగడానికి అనుమతి ఉన్న ఉచిత ఫాంట్లు. లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషు పుస్తకాల కొలతలో ఉంచొద్దు. 1.5 కన్నా తగ్గితే పై లైను ఒత్తులు కింది లైను గుడిదీర్ఘాలకు తగలవచ్చు, కొన్ని రీడర్లలో ఒత్తుల అడుగు కోసుకుపోతుంది. కంప్యూటర్లో చూసి వదిలెయ్యకుండా ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్లో "రాష్ట్రం", "వాఙ్మయం" ఉన్న పేజీలు తెరిచి చూడండి.

అన్నీ అయ్యాక ఫోల్డర్‌లో ఐదు మిగలాలి: ముట్టుకోని పేజ్‌మేకర్ ఫైళ్లు, ఆర్‌టీఎఫ్‌లు, దిద్దని యూనికోడ్ పాఠం, దిద్దిన పాఠం, ఈపబ్. పాత ఫాంటు ఫైళ్లను కూడా వాటి పక్కనే పెట్టండి. రేపు ఎక్కడో ఒక మాట మీద అనుమానం వస్తే పాత ముక్కల్ని చదివించగలిగేది అవే. ఈసారి ఫోల్డర్ పేరు మాత్రం "ఫైనల్" అని పెట్టకండి, తేదీ వెయ్యండి.